చివరి పిలుపా, చేయి తిరిగినవాడా?

ఫుట్‌బాల్ అన్న మాట చెవిని పడగానే మన హైదరాబాదు పెద్దలకు సయ్యద్ అబ్దుల్ రహీం గారు జ్ఞప్తికి రావడం సహజం. బడిలో పాఠాలు చెప్పిన ఆ ఉపాధ్యాయుడు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకానికి నడిపించిన వైనం ఈనాటికీ మన గల్లీలలో చెప్పుకొంటారు. కాని ఈ వ్యాసం ఆ ఆటను గురించినది కాదు. అమెరికా దేశస్థులు అదే పేరుతో పిలుచుకొనే వేరొక ఆటను గురించినది. అందులో కాలికి పని తక్కువ, చేతికి పని ఎక్కువ. బంతి కూడ గుండ్రముగా ఉండక, రెండు కొసలు తేరిన కొబ్బరికాయవలె ఉంటుంది.

ఆ బంతిని నేను చేతబట్టి ఎరుగను. అయినను దానిని గురించి వ్రాయడానికి ఒక కారణమున్నది. మన కళాశాలలో చదివి ఇప్పుడు విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకరు ఈదు పండుగకు స్వస్థలం వచ్చి, స్టాఫ్ రూములో నన్ను కలిసినాడు. కుశల ప్రశ్నలు ముగిసిన పిమ్మట అతడు అడిగిన మాట ఇది: "సార్, 2018లో మా గ్రీన్ బే జట్టువారు పది సంవత్సరాలు సేవ చేసిన ఆటగాణ్ణి పంపివేసి, అతని చోట ముగ్గురు క్రొత్త కుర్రవాళ్లను తెచ్చినారు. అది తప్పా, ఒప్పా? మా ఆఫీసులో ఈ వాదం నేటికీ తెగలేదు. మీరు పక్షపాతం లేనివారు, చెప్పండి." పక్షపాతం లేకపోవడానికి నాకు గల అర్హత ఆ విషయమై తెలియకపోవడమే. అతడు తిరిగి వెళ్లినాక కొంత చదివి, కొన్ని ఆటలు చూచి, తెలిసికొన్నది ఇక్కడ వివరిస్తున్నాను. పరీక్ష చేసి మనుష్యులను ఎన్నుకొనే ప్రతివారికీ, అంటే విద్యార్థుల వలెనే మన కమిటీ పెద్దలకు కూడ, ఇందులో ఆలోచింపదగినది ఉన్నదని నా నమ్మకం.

మొదట ఆటను గురించి రెండు మాటలు. ఒక్కొక్క పక్షాన 11 మంది ఉంటారు. గోల్ గీతల నడుమ మైదానం నిడివి 100 గజాలు. బంతి చేతనున్న పక్షానికి 4 అవకాశాలుంటాయి. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు జరిగితే మరల 4 అవకాశాలు. లేనియెడల బంతి ఎదుటివారి పాలు. బంతిని విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. దూరాన పరుగెత్తి దానిని అందుకొనేవాడు రిసీవరు. మన ప్రశ్న ఈ రిసీవరును గురించినదే.

చూచేవారికి రిసీవరు పని చాల తేలికగా తోస్తుంది. వేగంగా పరుగెత్తాలి, వచ్చిన బంతిని జారవిడువకుండ పట్టుకోవాలి, అంతే కదా అనిపిస్తుంది. నేను కూడ అట్లే అనుకొన్నాను. కాని ఆటను నెమ్మదిగా త్రిప్పి చూచినపుడు ఒక విచిత్రం కనబడినది. క్వార్టర్‌బ్యాక్ చేతినుండి బంతి వెలువడే సమయానికి చాలసార్లు రిసీవరు ఇంకా ఇటు తిరిగి ఉండడు. ఎన్ని అడుగులు వేసిన తరువాత ఏ వైపునకు మళ్లాలో ముందే నిశ్చయమై ఉంటుంది. అతడు మళ్లి తల ఎత్తేసరికి బంతి ముఖం ముందు ఉంటుంది. అంటే బంతిని మనిషి ఉన్న చోటికి గాక మనిషి రాబోయే చోటికి విసురుతారన్న మాట. ఇంతకంటె కఠినమైనది మరొకటి ఉన్నది. ఎదుటి పక్షపు కావలివాడు లోపలి వైపు నిలబడితే బయటికి, వెనుకకు తగ్గి నిలబడితే మధ్యలో ఆగి, ఇట్లు రిసీవరు పరుగెత్తుతూనే దారి మార్చుకోవలసి ఉంటుంది. ఆ మార్పును అదే క్షణంలో క్వార్టర్‌బ్యాక్ కూడ గ్రహించాలి. ఇద్దరూ ఒకే వాక్యాన్ని ఒకే విధంగా చదవాలి. ఒకరు ఒక విధంగా, వేరొకరు మరొక విధంగా చదివితే బంతి శత్రువు చేతిలో పడుతుంది. కావున రిసీవరు విద్యలో సగం కాళ్లది, చేతులది అయితే, మిగిలిన సగం భాషాజ్ఞానమని చెప్పవచ్చు.

ఇటువంటి ఆటగాళ్లను జట్లు ఎట్లు సంపాదించుకొంటాయి? మన ఐ.పి.ఎల్. క్రికెట్టులో వేలం పాట ఉన్నది. ఎవరి వద్ద ధనముంటే వారు పాడుకొంటారు. అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌వారు కళాశాలలనుండి వచ్చే యువకుల విషయంలో వేలం పెట్టరు, వరుస పెడతారు. దానిని డ్రాఫ్టు అంటారు. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ ప్రతిపాదనపై 1936లో ఆ నగరంలోనే ఈ పద్ధతి ఆరంభమైనది. గడచిన సంవత్సరం అందరికంటె హీనంగా ఆడిన జట్టు మొదట ఒక యువకుని పేరు పిలుస్తుంది. విజేత అందరికంటె చివర పిలుస్తుంది. బలవంతుడు మరింత బలవంతుడు కాకుండ చేయడమే దీని ఉద్దేశం. ఆ మొదటి ఏడు అందరికంటె ముందు పేరు పిలువబడిన జే బెర్వాంగర్ ఆ వృత్తి ఆటలో ఒక్క పోటీ కూడ ఆడలేదనుట ఒక ముచ్చట. ఎంపిక చేసేవారి దూరదృష్టికి ఆనాడే దిష్టి తగిలినదేమో!

1994 నుండి డ్రాఫ్టు 7 రౌండ్లు. 32 జట్లు, సుమారు 250 మంది యువకులు. మొదటి రౌండ్లలో పేరు వచ్చినవారిని గురించి దేశమంతటికీ తెలిసి ఉంటుంది. ఐదవ, ఆరవ, ఏడవ రౌండ్లలో పిలువబడేవారిలో ప్రతివానికీ ఏదో ఒక లోపం చెప్పబడి ఉంటుంది. ఒకడు పొట్టి, ఒకడు నిదానం, ఒకడు ఎవరూ వినని కళాశాలవాడు. ఒకప్పుడు ఈ రౌండ్లు ఇంకా ఎక్కువ ఉండేవి. 1976లో 17 రౌండ్లలో 487 మందిని పిలిచినారు. ఆ 487వ వాడు కెల్విన్ కర్క్ అనే రిసీవరే. చిట్టచివరివానికి వేడుకగా సన్మానం చేసి 'మిస్టర్ ఇర్రెలవెంట్', అంటే లెక్కలోనికి రాని మహాశయుడు అన్న బిరుదు ఇచ్చే ఆచారం ఆ ఏడే మొదలైనది. దానిని మొదలుపెట్టిన పాల్ సలాటా కూడ ఒకప్పటి రిసీవరే. (విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. సీటుకు నా పేరు కూడ చివరి జాబితాలోనే వచ్చినది. కనుక ఈ మహాశయులపై నాకు కొంత అభిమానమున్నదని ముందే ఒప్పుకొంటున్నాను.)

చివరి పిలుపులలో దొరికిన మాణిక్యాల కథలు అక్కడివారు ఎంతో మక్కువతో చెప్పుకొంటారు. 1954లో బాల్టిమోర్ జట్టు 20వ రౌండులో, 232వ వానిగా రేమండ్ బెర్రీని పిలిచినది. కళాశాలలో ఆడిన మూడేళ్లలో అతడు అందుకొన్న బంతులు 33 మాత్రమే. చూపు కూడ అంతంతమాత్రం. కాని అభ్యాసం ముగిసి అందరూ ఇళ్లకు పోయిన పిమ్మట అతడు క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్‌తో మైదానంలో నిలిచి, ఒకే పరుగును మరల మరల సాధన చేసేవాడు. ఆ యునైటస్ కూడ 1955లో 9వ రౌండులో పిలువబడి, పిలిచిన జట్టుచేతనే పంపివేయబడినవాడు. 1958 చాంపియన్‌షిప్ ఆటలో బెర్రీ 12 బంతులు అందుకొని 178 గజాలు గెలిచినాడు. 1967లో విరమించేనాటికి 631 బంతులతో అందరికంటె ముందున్నాడు. దాదాపు అర్ధశతాబ్దం గడచినాక, 2009లో, సరిగ్గా అదే 232వ సంఖ్యలో న్యూ ఇంగ్లండ్ జట్టు జూలియన్ ఎడెల్మన్‌ను పిలిచినది. అతడు కళాశాలలో రిసీవరే కాదు, క్వార్టర్‌బ్యాక్. విద్య మొదటినుండి నేర్చుకొని, 2019 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడై నిలిచినాడు.

1979 నాటి కథ మరీ ముచ్చటైనది. శాన్‌ఫ్రాన్సిస్కో శిక్షకుడు బిల్ వాల్ష్ క్లెమ్సన్ కళాశాలకు పోయినది స్టీవ్ ఫుల్లర్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను చూడడానికి. విసిరే బంతులు పట్టడానికి ఎవడో ఒకడు కావాలి గదా అని ఫుల్లర్ తన మిత్రుడు డ్వైట్ క్లార్క్‌ను వెంట తెచ్చినాడు. వాల్ష్ కన్ను ఆ పట్టేవానిపై పడినది. 10వ రౌండులో, 249వ వానిగా క్లార్క్‌ను పిలిచినాడు. 1982 జనవరి 10న డల్లాస్ జట్టుతో జరిగిన ఆటలో ఇంకా నిమిషం కూడ మిగలని వేళ క్లార్క్ గాలిలోనికి ఎగిరి అందుకొన్న బంతివల్ల శాన్‌ఫ్రాన్సిస్కో 28–27తో గెలిచినది. ఆ దేశంలో దానిని కేవలం 'ది క్యాచ్' అంటే చాలు, ఏ క్యాచ్ అని ఎవరూ అడుగరు.

ఇటువంటి కథలు వినడానికి ఇంపుగా ఉంటాయి. అయితే వీనిలోనే ఒక మోసం కూడ ఉన్నది. దొరికిన మాణిక్యాన్ని గురించి కథ పుడుతుంది. దొరకని గులకరాయిని గురించి ఎవరు కథ చెప్తారు? ఆగస్టు చివరలో ప్రతి జట్టు తన పట్టికను 53 మందికి కుదించవలసి ఉంటుంది. చివరి రౌండ్లలో పిలువబడినవారిలో ఎందరో అక్కడనే రాలిపోతారు. మిగిలినవారిలో అనేకులు ఒకటి రెండేళ్లు బెంచీపై కూర్చుండి వెళ్లిపోతారు. బెర్రీ, క్లార్క్, ఎడెల్మన్ పేర్లు మాత్రమే విని 'చివరి పిలుపు చాలు, పెద్దవాడెందుకు' అని నిర్ణయించడం, లాటరీ గెలిచినవాని ఫోటో చూచి ఇల్లు తాకట్టు పెట్టడం వంటిది.

అయినను దానిని పూర్తిగా లాటరీ అనడానికి కూడ నాకు మనసు రాదు. వెళ్లి చూచే మనిషి ఉన్నచోట అదృష్టానికి రూపం మారుతుంది. దీనికి బిల్ నన్ జీవితమే నిదర్శనం. ఆయన పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతివారి వార్తాపత్రికలో క్రీడా విలేఖరి, తరువాత సంపాదకుడు. దక్షిణాదిన నల్లవారి కోసం వెలసిన చిన్న చిన్న కళాశాలల ఆటలు ఊరూరా తిరిగి చూచి, ఏటా వారిలో ఉత్తముల జట్టును తన పత్రికలో ప్రకటించేవాడు. వృత్తి జట్లవారు చాలకాలం ఆ కళాశాలల గడప తొక్కలేదు. 1960 దశకం చివర పిట్స్‌బర్గ్ జట్టు ఆయననే ఆటగాళ్లను వెదకే పనిలో నియమించుకొన్నది. 1974 డ్రాఫ్టులో ఆ జట్టు 4వ రౌండులో అలబామా ఏ అండ్ ఎం. కళాశాలనుండి జాన్ స్టాల్‌వర్త్ అనే రిసీవరును తీసికొన్నది. తడి నేలపై పరుగెత్తించి వేగం చాలదని ఇతరులు వెళ్లిపోగా, నన్ మాత్రం ఒంట్లో బాగులేదన్న నెపంతో ఊరిలోనే ఆగి, మరుసటి దినం మంచి నేలపై మరల పరుగెత్తించి చూచినాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆ కథలో నిజమెంతైనా, స్టాల్‌వర్త్ 2002లోను, నన్ 2021లోను ఆ ఆట కీర్తిమందిరంలో చేరినమాట నిజం. అంతకు ముందే, 1971లో, సదరన్ విశ్వవిద్యాలయంనుండి 7వ రౌండులో ఫిలడెల్ఫియావారు తెచ్చుకొన్న హెరాల్డ్ కార్మైకేల్ రెండేళ్లు తిరిగేసరికి 67 బంతులతో లీగ్ మొత్తంమీద ప్రథముడైనాడు.

ఈ కథకు తరువాయి భాగం అంత ఇంపైనది కాదు. తెల్లవారి పెద్ద విశ్వవిద్యాలయాలు నల్ల యువకులకు తలుపులు తెరచినాక ప్రతిభావంతులు అటు మళ్లినారు. 2021 డ్రాఫ్టులో ఆ చారిత్రక కళాశాలలనుండి ఒక్క పేరు కూడ పిలువబడలేదు. తలుపు తెరచుకొనడం మంచిదే; కాని దానివల్ల చిన్న కళాశాల బక్కచిక్కిన సంగతిని కూడ వ్రాసికొనవలసి ఉన్నది. మనవంటి కళాశాలలో పనిచేసేవానికి ఈ భాగం కొంచెం ఆగి చదవవలసినదిగా తోచినది.

ఇక ధనం సంగతి. 1993 నుండి ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు పోగల స్వేచ్ఛ విరివిగా లభించినది. ఆ మరుసటి ఏడు, జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి విధించినారు. 1994లో అది 3 కోట్ల 46 లక్షల డాలర్లు. 2025లో 27 కోట్ల 92 లక్షలు. యజమాని ఎంత సంపన్నుడైనా ఆ గీతకు లోబడవలసినదే. 2011 నుండి డ్రాఫ్టులో వచ్చినవారికి 4 ఏళ్ల ఒప్పందం, వారి వరుసను బట్టి నిర్ణీత వేతనం. మొదటి మూడేళ్లు ఎంత గొప్పగా ఆడినా ఆ వేతనాన్ని తిరగవ్రాయడానికి వీలులేదు. 2023లో లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ జట్టు 5వ రౌండులో, 177వ వానిగా పూకా నకువాను పిలిచినది. నాలుగేళ్లకు కలిపి అతని వేతనం సుమారు 40 లక్షల డాలర్లు. ఆ మొదటి ఏడే అతడు 105 బంతులు అందుకొని 1,486 గజాలు సాధించి, క్రొత్తవారి రికార్డులు తిరగవ్రాసినాడు. దానికి రెండేళ్ల ముందు న్యూయార్క్ జయంట్స్ జట్టు కెనీ గొలడే అనే పేరున్న ఆటగానికి 4 ఏళ్లకు 7 కోట్ల 20 లక్షల డాలర్లు వ్రాసి ఇచ్చినది. రెండేళ్లలో అతడు అందుకొన్నవి 43 బంతులు, చేసినది ఒకే ఒక టచ్‌డౌన్. 2023లో పంపివేసినారు.

ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెడితే తీర్పు ఒక్క క్షణంలో తేలిపోయినట్లుంటుంది. అది న్యాయం కాదు. పెద్దవానిపై నమ్మకముంచి లాభపడినవారు కూడ తక్కువవారేమీ కాదు. 1990లో ఫిలడెల్ఫియావారు వదిలివేసిన క్రిస్ కార్టర్‌ను మినెసోటా జట్టు వదిలివేతల జాబితానుండి 100 డాలర్ల రుసుముతో తీసికొన్నది. లక్షలు కాదు, వందే! అతడు 1,101 బంతులతో విరమించి కీర్తిమందిరం చేరినాడు. 2007లో న్యూ ఇంగ్లండ్‌వారు ఒక 4వ రౌండు పిలుపును ఇచ్చి ర్యాండీ మాస్‌ను తెచ్చుకొన్నారు. ఆ ఏడు అతడు చేసిన 23 టచ్‌డౌన్లు రిసీవర్లలో ఒక సంవత్సరపు రికార్డు. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కో విడిచిపెట్టిన జెర్రీ రైస్‌కు అప్పటికి 38 ఏళ్లు. ఆ వయస్సులో ఓక్లండ్ చేరి ఆ సంవత్సరం 1,139 గజాలు, నలుబది నిండిన మరుసటి సంవత్సరం 1,211 గజాలు సాధించినాడు.

అదే న్యూ ఇంగ్లండ్ జట్టు, అదే శిక్షకుడు, అదే క్వార్టర్‌బ్యాక్ ఉండగా 2011లో చాడ్ ఓచోసింకో వచ్చినాడు. సిన్సినాటిలో పదేళ్లు వెలిగినవాడు. ఇక్కడ ఏడాదికి 15 బంతులు మాత్రమే అందుకొన్నాడు. కాళ్లు అంతలోనే మొద్దుబారినవా? కొంత అయి ఉండవచ్చు. కాని పైన చెప్పిన భాషాజ్ఞానం ఇక్కడ అడ్డుపడినదని నా అభిప్రాయం. న్యూ ఇంగ్లండ్ పద్ధతిలో రిసీవరు పరుగు మధ్యలో దారి ఎంచుకోవడం ఎక్కువ. పదేళ్లు ఒక విధంగా చదివినవానికి క్రొత్త వ్యాకరణం నేర్చుకొనడమే గాక పాతది మరవడం కూడ ఒక పని. మన ఉర్దూ కాతిబులు ఈ బాధను బాగుగా ఎరుగుదురు. ఒక ఉస్తాదు వద్ద నస్తాలీఖు నేర్చిన చేయి మరొక ఉస్తాదు కలపు పట్టినపుడు, ఏమీ రానివాని చేయికంటె ఎక్కువ తడబడుతుంది. రైస్ విషయం వేరు. ఓక్లండ్ శిక్షకుడు జాన్ గ్రూడెన్ ఒకప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోనే పని నేర్చినవాడు. రైస్ పదహారేళ్లు అభ్యసించిన పద్ధతిలోనే తన జట్టును ఆడించేవాడు. అతడు ఊరు మారినాడు, బడి మారలేదు.

ఈ రెండు పక్షాలనూ ఒకే మనిషి జీవితంలో చూపగల ఉదాహరణ కూడ ఒకటి దొరికినది. 2001లో సిన్సినాటి జట్టు ఒరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయంనుండి ఇద్దరు రిసీవర్లను పిలిచినది. 2వ రౌండులో 36వ వాడు పైన చెప్పిన చాడ్. అప్పుడు అతని ఇంటిపేరు జాన్సన్. 7వ రౌండులో 204వ వాడు టి.జె. హుష్మన్‌జాదే. ఆరేళ్లు ఓపికగా నేర్చుకొన్న పిమ్మట 2007లో ఆ 204వ వాడు 112 బంతులతో లీగ్‌లో మొదటి స్థానాన్ని మరొకరితో పంచుకొన్నాడు. అప్పుడతడు చివరి పిలుపు విజయగాథ. 2009లో సియాటిల్ జట్టు అతనికి 5 ఏళ్లకు 4 కోట్ల డాలర్ల ఒప్పందమిచ్చినది. ఇప్పుడతడు చేయి తిరిగిన పెద్దవాడు. ఆ ఏడు 79 బంతులు అందుకొన్నాడు, చెడ్డగా ఆడలేదు. కాని మరుసటి ఏడు శిక్షకుడు మారినాడు, ఆట మొదలు కాకముందే ఇతనిని పంపివేసినారు. మనిషి ఒక్కడే, కొన్నవాడు ఏ సంవత్సరం కొన్నాడనేదే తేడా. సిన్సినాటి కొన్నది అతని రాబోయే ఏళ్లను, సియాటిల్ కొన్నది గడచిన ఏళ్లను.

ఇప్పుడు నా విద్యార్థి ప్రశ్నకు వస్తాను. గ్రీన్ బే సుమారు లక్ష జనాభాగల చిన్న పట్టణం. ఆ జట్టుకు ఒక్క యజమాని అంటూ లేడు, సామాన్య ప్రజలే వాటాదారులు. కనుక అక్కడ ప్రతి ఎంపికా ఇంటింటి వ్యవహారమే. 2008లో చేరిన జోర్డీ నెల్సన్ 2014లో 1,519 గజాలు సాధించి ఆ జట్టు రికార్డు స్థాపించినాడు. 2015 అంతా మోకాలి దెబ్బతో పోయినది. 2016లో తిరిగి వచ్చి 14 టచ్‌డౌన్లతో లీగ్‌లో ప్రథముడైనాడు. 2017లో క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాజర్స్ భుజం ఎముక విరిగి మంచమెక్కగా నెల్సన్ 482 గజాలకు దిగిపోయినాడు. ఆ తగ్గుదల వయస్సువల్లనా, విసిరే చేయి లేకపోవడంవల్లనా? ఈ ప్రశ్నకు ఏ అంకెా జవాబు చెప్పలేదు. 2018 మార్చిలో జట్టు అతనిని విడిచిపెట్టినది.

అదే వసంతంలో గ్రీన్ బే ఒక పెద్దవాణ్ణి తెచ్చినది, ముగ్గురు చిన్నవారిని పిలిచినది. పెద్దవాడు జిమీ గ్రాహం; 3 ఏళ్లకు 3 కోట్ల డాలర్లు. చిన్నవారు 4వ రౌండులో 133వ వాడు జేమాన్ మూర్, 5వ రౌండులో 174వ వాడు మార్కెజ్ వాల్డెస్ స్కాంట్లింగ్, 6వ రౌండులో 207వ వాడు ఎక్వానిమియస్ సెయింట్ బ్రౌన్. ఇక్కడ చాలమంది ఎరుగని ఒక సూక్ష్మం ఉన్నది. ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు వేరే జట్లకు వెళ్లిపోతే, ఆ నష్టానికి పరిహారంగా లీగ్ మరుసటి ఏడు కొన్ని రౌండ్ల చివర అదనపు పిలుపులు ఇస్తుంది. బయటివారిని అట్లే తెచ్చుకొంటే ఆ పరిహారం తగ్గుతుంది. ఈ మూడు పిలుపులూ అటువంటి పరిహారంగా వచ్చినవే. అంటే ఒక విధంగా వెళ్లిపోయిన పాతకాపులే ఈ కుర్రవాళ్లుగా మారి తిరిగి వచ్చినారు!

ఆ ఆగస్టులోనే, అభ్యాసంలో కుర్రవాళ్ల శ్రద్ధ చాలలేదని రాజర్స్ విలేఖరుల ఎదుటనే కఠినంగా మాట్లాడినాడు. ఆ సంవత్సరం జట్టు 6 గెలిచి, 9 ఓడి, 1 సమం చేసికొన్నది. ముగ్గురిలో మొదట పిలువబడిన మూర్ రెండే బంతులు అందుకొన్నాడు. 2019 ఆగస్టులో పంపివేసినారు. మూడవవాడు మొదటి ఏడు 328 గజాలు సాధించి, రెండవ ఏడంతా గాయంతో పోగొట్టుకొన్నాడు. (అతని తమ్ముడు అమన్ రా 2021లో 4వ రౌండులో డెట్రాయిట్ చేరి అన్నను మించినవాడైనాడు. ఒకే ఇంటి పంట కూడ ఒకే తూకం తూగదు.) నడుమవాడైన వాల్డెస్ స్కాంట్లింగ్ మాత్రం నిలిచినాడు. 2020లో ఒక్కొక్క బంతికి సగటున 20.9 గజాలు సాధించినాడు. గ్రాహం రెండేళ్లలో 5 టచ్‌డౌన్లు చేసి వెళ్లిపోయినాడు. ఓక్లండ్ చేరిన నెల్సన్ ఒక్క ఏడు 739 గజాలు ఆడి విరమించినాడు.

లెక్కప్రకారం చూస్తే గ్రీన్ బే అధికారులు గెలిచినారనే చెప్పాలి. నెల్సన్‌లో మిగిలి ఉన్నది ఒక్క సంవత్సరమే; చిల్లర వేతనంతో వారికి నాలుగేళ్ల ఆటగాడు ఒకడు దొరికినాడు. కాని నేను లెక్కలో మరొక గడి గీయదలచినాను. రాజర్స్ కనుసైగను చదవగలిగినవాడు, ఆ చదువును కుర్రవాళ్లకు మైదానంలోనే చెప్పగలిగినవాడు నెల్సన్. ముగ్గురు విద్యార్థులను ఒకేసారి చేర్చుకొన్న ఏడే ఆ పాఠం చెప్పగల ఉపాధ్యాయుణ్ణి తొలగించినారు. గ్రాహం ఎంత పేరుగలవాడైనా ఆ బడికి తానే క్రొత్త విద్యార్థి. నెల్సన్‌ను తక్కువ జీతానికి ఇంకొక్క ఏడు ఉంచుకొని ఉంటే మూర్ కూడ నిలిచేవాడని చెప్పలేను. కాని 3 కోట్లు పోసి తెచ్చుకొన్న పెద్దరికం, ఇంటనున్న పెద్దరికం కంటె మేలైనదని మాత్రం ఒప్పుకొనలేను.

ఈ అభిప్రాయాన్ని నా విద్యార్థికి ఫోనులో చెప్పినాను. అతడు నవ్వి, "సార్, మీరు మాస్టారు కనుక మాస్టారి పక్షమే వహించినారు" అన్నాడు. తరువాత నాకు తెలియని ఒక విషయం అతడే చెప్పినాడు. 2021 జూలైలో రాజర్స్ విలేఖరుల ఎదుట, తగిన మర్యాద లేకుండ పంపివేయబడినారని తాను భావించిన సహచరుల పేర్లు ఒక్కొక్కటిగా చదివినాడట. అందులో నెల్సన్ పేరున్నది. నెల్సన్ తరువాత ఏడాదికి వెళ్లిపోయిన ర్యాండల్ కాబ్ అనే మరొక రిసీవరు పేరు కూడ ఉన్నది. ఆ నెలలోనే జట్టు కాబ్‌ను తిరిగి తెచ్చుకొన్నది. అతడు ముప్పది దాటినవాడు. ఆ ఏడు 28 బంతులు అందుకొని 5 టచ్‌డౌన్లు చేసినాడు. అతని కోసం గ్రీన్ బేవారు హ్యూస్టన్ జట్టుకు ఇచ్చిన మూల్యం ఒక 6వ రౌండు పిలుపు.